మంద నిలిచిన చోటే ఈగకు పుట్టినిల్లు
పాలమూరు మేత పశువులకు కుట్టే ఈగల బెడద - నివారణ మార్గాలు

తొలకరి వానలు కురిసి బీళ్లు పచ్చబడిన నాటి నుండి కార్తీకపు చలి ముదిరే వరకు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో పశువులకు మేత కొదువ ఉండదు. అయినా కడుపునిండా మేసే తీరిక వాటికి చిక్కదు. పొద్దెక్కే కొద్దీ ఆవులు మేత మాని ఒకచోట గుమికూడుతాయి. తలలు లోపలికి పెట్టి, తోకలు విసురుతూ, కాళ్లు నేలకు తాటిస్తూ నిలబడతాయి. దగ్గరలో చెరువు గాని కాలువ గాని ఉంటే పొట్ట తడిసే వరకు నీటిలో దిగి కదలవు. కాపరి ఎంత అదిలించినా ప్రయోజనం ఉండదు. మేతకు తోలుకొని వెళ్లిన పశువు సగం కడుపుతో ఇల్లు చేరుతుంది. ఇందుకు కారణం ఈగ.

విసుగు పుట్టించే మనిషిని జోరీగతో పోల్చడం తెలుగువారి వాడుక. పశువుకు మాత్రం అది పోలిక కాదు, నిత్యం అనుభవించే బాధ. ఈ బెడదను కాలధర్మంగా భావించి ఊరకుండడం, మరీ ఎక్కువైనపుడు చేతికందిన మందును పశువు వీపుపై పిచికారీ చేయడం గ్రామాలలో సర్వసాధారణం. ఈ రెండు పద్ధతులూ ఆశించిన ఫలితం ఇవ్వవు. పశువును పీడించే ఈగలలో అధిక భాగం ఎక్కడో అడవి నుండి వచ్చేవి కావు. పశువు వేసిన పేడలోను, తిని వదిలిన గడ్డిలోను, మంద రాత్రి నిలిచిన చోటి బురదలోను పుట్టి పెరిగేవి. జోరీగ ఒక్కటే ఇందుకు ముఖ్యమైన మినహాయింపు. కావున నివారణ పశువు వీపు మీద కాక, పశువు కాళ్ల కింది నేల మీద మొదలు కావలసి ఉన్నది.

నల్లమల నుండి నడిగడ్డ వరకు

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన ఈ మూడు జిల్లాల పశుపోషణ ఒకే తీరున లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ ప్రాంతంలో నల్లమల అడవిని ఆశ్రయించి పెరిగే ఆవుల మందలు ఉన్నాయి. తెల్లటి ఒంటిపై గోధుమ రంగు మచ్చలతోనో, గోధుమ రంగు ఒంటిపై తెల్లటి మచ్చలతోనో ఉండే ఈ పశువులను పొడ తూర్పు పశువులని పిలుస్తారు. పొడ అనగా మచ్చ. తూర్పు దిక్కు కొండల నుండి వచ్చినవి కనుక తూర్పు పశువులు. కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల సంస్థ 2020లో వీటిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. గట్టి గిట్టలు గల ఈ జాతి కోడెలు రాళ్ల నేలలో దున్నకానికి పేరు పొందాయి. మహబూబ్‌నగర్ జిల్లాలోని కురుమూర్తి జాతరలో వీటి క్రయవిక్రయాలు సాగుతాయి. మందను పెంచే కుటుంబానికి కోడెల అమ్మకమే ఏడాది ఆదాయం. వానాకాలమంతా ఈగల పోరుతో మేత తప్పి, ఒళ్లు దిగి, చర్మంపై పుండ్లతో జాతరకు చేరిన కోడెకు ధర పలకదు. ఈగల నష్టం పాలలో కంటే ముందుగా ఇక్కడ కనిపిస్తుంది.

కృష్ణా తుంగభద్రల నడుమ గల నడిగడ్డలోను, వనపర్తి మాగాణులలోను పరిస్థితి వేరు. జూరాల, రాజోలిబండ కాలువలకు తోడు నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాల వలన ఒకప్పటి మెట్ట భూములకు నీరు చేరి వరి సాగు విస్తరించింది. దానితో పాటు వరిగడ్డి సమృద్ధి అయింది. కాలువ గట్ల వెంట ఎడతెగని తేమ, కొట్టాల చుట్టూ తడిసిన గడ్డి, గేదెలు పొర్లే మడుగులు కూడా పెరిగాయి. పశువుకు మేలు చేసిన నీరే ఈగకూ మేలు చేసినది. ఇది నీటిపారుదలను తప్పు పట్టే మాట కాదు గాని, పదిహేను ఇరవై ఏండ్ల క్రితం ఇంత బాధ లేదని వృద్ధులైన పశుపోషకులు అంటే ఆ మాటను తీసివేయనవసరం లేదు.

ఏ ఈగ, ఎక్కడ వాలుతుంది

పశువుపై వాలే ఈగలన్నీ ఒకటి కావు. ఏ ఈగ ఎక్కడ పుడుతుందో, పశువుపై ఎంతసేపు ఉంటుందో తెలియకుండా చేపట్టే నివారణ చీకటిలో రాయి విసరడం వంటిది. అదృష్టవశాత్తు వాటిని గుర్తించడానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. పశువు శరీరంపై ఈగ ఎంచుకొన్న చోటును చూస్తే చాలు.

కాళ్లపై, ముఖ్యంగా ముందు కాళ్ల కింది భాగంలో తల పైకి పెట్టి వాలేది కొట్టపు ఈగ. చూడడానికి ఇంటి ఈగవలె ఉంటుంది గాని, ముఖం నుండి సూదివంటి నోరు ముందుకు పొడుచుకొని ఉంటుంది. ఇంగ్లీషులో దీనిని స్టేబుల్ ఫ్లై అంటారు. ఆడ మగ రెండూ రక్తం తాగుతాయి. పశువు పదే పదే కాళ్లు తాటిస్తూ ఉంటే అది ఈ ఈగ పనేనని గ్రహించవచ్చు. రక్తం తాగిన కొద్ది నిమిషాలకే ఇది పశువును విడిచి గోడ మీద, కంచె మీద, చెట్టు మొద్దు మీద వాలి అరిగించుకొంటుంది. కాబట్టి పశువు ఒంటిపై చల్లిన మందు దీనికి తగిలేది తక్కువ. పేడ, మూత్రం, తడిసిన గడ్డి కలిసి మాగిన ముద్ద దీనికి పుట్టినిల్లు. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుండి ఈగ కావడానికి సుమారు 3 వారాలు పడుతుంది. అమెరికా పచ్చిక బయళ్లలో ఈ ఈగ బెడద ఎక్కడి నుండి వస్తున్నదని పరిశీలించిన శాస్త్రజ్ఞులకు, పశువులకు గుండ్రటి గడ్డి మోపులు వేసే స్థలాలలో తొక్కిడిపడి కుళ్లిన గడ్డే ప్రధాన మూలమని తేలింది. వరికోత యంత్రాల వెనుక గడ్డిని గుండ్రటి కట్టలుగా చుట్టి కొట్టాలకు చేర్చే పద్ధతి ఇక్కడ కూడా అలవాటైనందున ఈ విషయం గమనించదగినది.

వీపు, మూపురం, భుజాలపై గుంపులుగా వాలి, ఎండ ముదిరితే పొట్ట కిందికి చేరేవి చిన్న నల్ల ఈగలు. ఇంటి ఈగలో సగం పరిమాణమే ఉంటాయి. హార్న్ ఫ్లై, బఫెలో ఫ్లై అనే పేర్లు గల ఈ ఈగ రాత్రింబవళ్లు పశువును అంటిపెట్టుకొని ఉండి, రోజుకు 20 నుండి 40 సార్లు రక్తం పీలుస్తుంది. పశువు పేడ వేసిన మరుక్షణమే దిగి, అందులో గుడ్లు పెట్టి తిరిగి వీపెక్కుతుంది. కదపని, పొక్కు కట్టని పచ్చి పేడ తప్ప మరొకచోట ఇది పెరగదు. వానాకాలంలో 2 వారాలకు ఒక తరం పూర్తవుతుంది. ఒక్కో పశువుపై 200 ఈగలు దాటితే చికిత్స లాభసాటి అవుతుందని అమెరికా పశుపోషణ నిపుణుల లెక్క. ఇక్కడి పశువుల శరీరం చిన్నది కనుక ఆ అంకెను యథాతథంగా తీసుకోకుండా ఒక కొండగుర్తుగా మాత్రమే భావించాలి.

కంటి కొలుకులలో, ముక్కు వద్ద, పుండ్లపై ముసిరేవి కుట్టని ఈగలు. ఇవి చర్మాన్ని చీల్చలేవు గాని కన్నీరు, చీము, ఇతర ఈగలు చేసిన గాయాల నుండి కారే రక్తం నాకుతాయి. కంటి కలక, కంటిలో పురుగులు, మూపురంపైన, చెవులపైన మానని పుండ్లు వీటి ద్వారా వ్యాపిస్తాయి. మూపురపు పుండ్లకు కారణం సన్నని దారపు పురుగులని, వాటిని మోసుకొచ్చేది పేడలో పుట్టే ఈగ అని తెలియక, కాడి రాపిడి వలన వచ్చిన పుండుగా భావించి నెలల తరబడి పసుపు పూసే వారున్నారు.

నాలుగవది జోరీగ. పెద్ద కళ్లు, బలిసిన శరీరం, చెవిలో మోగే రొద దీని గుర్తులు. ఆడ జోరీగ మాత్రమే రక్తం తాగుతుంది. దీని నోరు సూది కాదు, కత్తి. చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. ఈగ లేచిపోయిన తరువాత కూడా కోసిన చోటు నుండి రక్తం కారుతూ ఉంటుంది. దీని పిల్ల పురుగులు చెరువు అంచులలో, వాగుల పక్కన, కాలువ గట్ల కింది తడి మట్టిలో నెలల తరబడి పెరుగుతాయి. అంత విశాలమైన నేలకు మందు కొట్టడం సాధ్యమూ కాదు, శ్రేయస్కరమూ కాదు.

ఇవి కాక కంటికి ఆనీ ఆనని నుసమలు పశువుల కంటే గొర్రెలకు ఎక్కువ చేటు తెస్తాయి. నీలినాలుక వ్యాధి వాటి ద్వారానే వ్యాపిస్తుంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణ సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలతో దేశంలో ప్రథమ స్థానంలో ఉండగా, అందులో పాలమూరు ప్రాంతపు వాటా తక్కువేమీ కాదు. పేడ కలిసిన బురదే నుసమలకూ పుట్టుక స్థానం కనుక పశువుల కొట్టం శుభ్రత గొర్రెల దొడ్డికీ రక్ష.

కుట్టిన నొప్పితో పోని కష్టం

మేత తగ్గడం, పాలు తగ్గడం అందరికీ కనిపించే నష్టాలు. కనిపించని నష్టం రోగం. పశువుల నుండి పశువులకు వ్యాధులను చేరవేయడంలో ఈ ఈగలు సూదుల వంటివి.

ముద్దచర్మ వ్యాధి ఇందుకు ఇటీవలి ఉదాహరణ. 1929లో ఆఫ్రికాలోని నేటి జాంబియాలో తొలిసారి గుర్తించిన ఈ వ్యాధి 2019లో ఒడిశాలో మన దేశంలోకి ప్రవేశించింది. 2022లో రాజస్థాన్, గుజరాత్ మొదలుకొని పలు రాష్ట్రాలలో విజృంభించి దేశవ్యాప్తంగా లక్షకు పైగా పశువులను బలిగొన్నది. పశువుల సంతలు మూసివేయవలసి వచ్చింది. కొట్టపు ఈగ, జోరీగ జాతి ఈగలు, కొన్ని దోమలు ఈ వైరస్‌ను రోగగ్రస్త పశువు నుండి ఆరోగ్యవంతమైన పశువుకు చేరవేయగలవని ప్రయోగాలలో రుజువైంది. అయితే ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. ఈగలను అదుపు చేసినంత మాత్రాన ముద్దచర్మ వ్యాధి ఆగదు. దానికి టీకాయే ప్రధాన రక్షణ. మేకల మశూచి టీకాను ఇందుకు వినియోగిస్తూ వచ్చారు. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన ప్రత్యేక టీకాను 2022 ఆగస్టు 10న విడుదల చేశారు. టీకా వేసిన తరువాత రోగనిరోధక శక్తి ఏర్పడడానికి సుమారు 3 వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఈగల నియంత్రణ తోడ్పడుతుంది. వానలకు ముందే టీకా పూర్తి కావాలనడంలోని అంతరార్థం ఇదే.

జోరీగ తెచ్చే రోగం సర్రా. 1880లో నాటి పంజాబులో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాలు, ఒంటెల రక్తంలో ఈ రోగక్రిమిని కనుగొన్నాడు. ఆవులు, గేదెలలో విడిచి విడిచి వచ్చే జ్వరం, రక్తహీనత, రోజురోజుకు చిక్కిపోవడం దీని లక్షణాలు. కొన్ని పశువులు గుండ్రంగా తిరిగి, తలను గోడకు ఆనించి, హఠాత్తుగా కూలిపోతాయి. జోరీగ కోత నొప్పికి పశువు దానిని విదిలించివేయగా, సగం తాగిన నోటితోనే అది పక్కనున్న పశువుపై వాలుతుంది. నోటికి అంటిన తడి రక్తమే రోగాన్ని మోసుకుపోతుంది. ఈ రక్తం ఆరిపోతే క్రిమి బతకదు. అందువలననే జబ్బు పశువును మంద నుండి సుమారు 200 మీటర్ల దూరంలో కట్టివేయడం అంత ఖర్చు లేని, అంత గుణమిచ్చే పని. దూరం ఎక్కువైతే జోరీగ విడిచిన పశువు వద్దకే తిరిగి వస్తుంది తప్ప కొత్త పశువును వెదుక్కొని పోదు. సర్రాకు మందులు ఉన్నాయి. రక్తపు పూత పరీక్షతో వ్యాధిని నిర్ధారించి పశువైద్యుడు వాటిని వాడవలసి ఉంటుంది.

మూడు రోజుల జ్వరం కూడా దోమలు, నుసమల ద్వారా వచ్చేదే. పత్రికలలో ఏటా వానాకాలంలో ‘వింత వ్యాధితో మూగజీవాల మృత్యువాత’ వంటి శీర్షికలు కనిపిస్తుంటాయి. వాటిలో అనేకం వింతవి కావు. రక్త నమూనా తీసిన తరువాత పేరు తెలిసే వ్యాధులే. వార్త రాసే ముందు నమూనా సేకరించారా, ఫలితం వచ్చిందా అని స్థానిక పశువైద్యాధికారిని అడిగిన విలేకరి ఆ గ్రామానికి ఎక్కువ మేలు చేసినవాడవుతాడు.

పాత పద్ధతిలోని తెలివి

నల్లమల అంచుల మందలను రాత్రివేళ రైతుల పొలాలలో నిలపడం, అందుకు ప్రతిఫలం పొందడం పూర్వం నుండి ఉన్న ఆచారం. భూమికి ఎరువు దొరకడం దీని ఉద్దేశం. మంద ఒకే చోట రెండు మూడు రాత్రులకు మించి నిలవదు. మంద కదిలిన తరువాత రైతు గుంటక తోలడంతో పేడ చెదిరి, ఎండి, మట్టిలో కలుస్తుంది. వీపు ఈగకు 2 వారాలు, కొట్టపు ఈగకు 3 వారాలు కదలని తేమ కావాలి. ఆ గడువు పూర్తి కాకముందే వాటి పుట్టినిల్లు చెదిరిపోతున్నది. ఎరువు కోసం ఏర్పడిన ఆచారం ఈగల నియంత్రణ కూడా చేసినది.

ఈ పద్ధతికి ఇప్పుడు రెండు ఆటంకాలు ఏర్పడ్డాయి. వానాకాలంలో పొలాలన్నీ పైరు మీద ఉంటాయి కనుక మందకు చోటు దొరకదు. సాగు పెరిగిన కొద్దీ ఖాళీ బీడు తగ్గింది. ఫలితంగా మంద నెలల తరబడి ఒకే దొడ్డిలో నిలుస్తున్నది. ఒక ఆవు రోజుకు సుమారు 10 సార్లు పేడ వేస్తుందనుకొంటే 50 ఆవుల మంద ఒక్క రాత్రిలోనే వందల పేడకళ్లు వదులుతుంది. వాన, మూత్రం, గిట్టల తొక్కిడితో అది మోకాటి లోతు ఊబి అవుతుంది. కొట్టపు ఈగ కోరుకొనేది సరిగ్గా ఇదే.

అటువంటి చోట చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. దొడ్డిని రెండు మూడు భాగాలుగా విభజించి, వారానికి ఒక భాగం చొప్పున మందను మార్చి, ఖాళీ అయిన భాగంలోని పెండను ఎత్తివేయాలి. వరుపు ఉన్న రోజులలో పేడను పలుచగా చెదరగొట్టి ఎండనిస్తే పిల్ల పురుగులు చస్తాయి. ముసురు పట్టినపుడు చెదరగొట్టడం వలన లాభం లేదు. తడి నేలంతా పరచినట్లవుతుంది. అప్పుడు కుప్పగా పోసి, పాత టార్పాలిన్ పట్టాతో గాలి చొరకుండా కప్పి, అంచులకు మట్టి వేయాలి. మాగుతున్న కుప్ప లోపలి వేడి 50 డిగ్రీలు దాటి పురుగులను చంపుతుంది. కుప్ప అంచులు చల్లగా ఉంటాయి కనుక పురుగులు అక్కడికి చేరతాయి. వారానికొకసారి అంచులను లోపలికి తిరగవేయడం మరువరాదు. గడ్డి కట్టను నేలపై విప్పి వేయకుండా కర్రలతో కట్టిన గాడిలో వేస్తే తొక్కిడి తగ్గుతుంది. తొట్టి కింద, నీళ్ల కుండీ చుట్టూ నిలిచిన తేమను చాలామంది లెక్కచేయరు. కొట్టపు ఈగ పిల్లలు మొదట కనిపించేది అక్కడే.

పేడపురుగు చేసే మేలు గురించి కూడా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియాకు వలస వెళ్లినవారు ఆవులను తీసుకొని పోయారు గాని వాటి పేడను నేలలోకి చేర్చే పురుగులు అక్కడ లేకపోయాయి. కంగారూల పొడి పెంటికలకు అలవాటు పడిన అక్కడి పురుగులు ఆవు పేడను ముట్టలేదు. పేడకళ్లు మైదానాలను కప్పివేసి, ఈగలు దుర్భరమయ్యాయి. జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రజ్ఞుడి చొరవతో 1960వ దశకం నుండి ఆఫ్రికా తదితర ప్రాంతాల పేడపురుగులను తెచ్చి వదలవలసి వచ్చింది. పాలమూరు బీళ్లలో ఆ పురుగులు ఎవరూ తేకుండానే ఉన్నాయి. ఒక వాన పడితే పేడను ఉండలు చుట్టి దొర్లించుకొని పోతాయి. అటువంటి సంపదను చేజేతులా చంపుకొనే పని ఒకటి జరుగుతున్నది. గోమార్లకు, కడుపు పురుగులకు ఐవర్‌మెక్టిన్ సూదిమందును అవసరం ఉన్నా లేకున్నా తొలకరిలో మంద మొత్తానికి వేయిస్తే ఆ మందు రోజుల తరబడి పేడలోకి విసర్జితమై పేడపురుగుల సంతానాన్ని నశింపజేస్తుంది. అవసరమైన పశువుకు మాత్రమే, వైద్యుని సలహాపై వేయించడం మంచిది.

పత్తి మందు పశువుకు పనికిరాదు

గద్వాల ప్రాంతం పత్తి విత్తనోత్పత్తికి పేరు పొందినది. పత్తి ఉన్న చోట పురుగుమందు డబ్బా ఉంటుంది. చేనికి కొట్టగా మిగిలిన మందును ఈగలు పోతాయని పశువు ఒంటికి పూయడం అత్యంత ప్రమాదకరం. పైరు మందులలోని అనేక రసాయనాలు చర్మం ద్వారా ఒంట్లోకి చేరతాయి. పశువు ఒళ్లు నాకినపుడు నోటి ద్వారా కూడా పోతాయి. చొంగ కారడం, ఒళ్లు వణకడం, కంటిపాప చిన్నదవడం, ఊపిరి ఆడకపోవడం విషప్రభావ లక్షణాలు. ఆ స్థితిలో పశువును వెంటనే సబ్బు నీటితో కడిగి, వాడిన మందు డబ్బాను వైద్యునికి చూపించాలి. డబ్బా చూపడానికి సంకోచించి పేరు దాచడం వలన విరుగుడు ఎంపిక ఆలస్యమై చనిపోయే పశువులు ఉంటాయి.

పశువుల కొరకే తయారైన డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులు పశువైద్యశాలల సలహాపై లభిస్తాయి. సీసాపై ముద్రించిన మోతాదు ప్రకారమే నీటిలో కలపాలి. మోతాదు తగ్గిస్తే ఈగలకు మందును తట్టుకొనే శక్తి వస్తుంది; పెంచితే పశువుకు ముప్పు. వీపు ఈగ పశువును విడవదు కనుక వీపు, మూపురం, పొట్టపై పిచికారీ దానిపై బాగా పనిచేస్తుంది. కొట్టపు ఈగకు ఆ మందునే ఖాళీ కొట్టం గోడలపై, గుంజలపై, కంచెలపై చల్లాలి. మేత, నీళ్ల తొట్లపై పడరాదు. జోరీగకు పిచికారీ ఫలితం స్వల్పం. పాలిచ్చే పశువుకు మందు వాడితే సీసాపై సూచించిన గడువు వరకు పాలు అమ్మరాదు. ఒకే మందును ఏండ్ల తరబడి వాడరాదు.

ఈ మందులు చేపలకు, తేనెటీగలకు విషం. పిచికారీ చేసిన పశువును వెంటనే చెరువులోకి తోలితే నష్టపోయేది మత్స్యకారుడు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు పెంటల కుటుంబాలకు తేనె సేకరణ ఒక జీవనాధారం. అడవి అంచున, పూల కాలంలో మందు వాడకం విషయంలో పశుసంవర్ధక, అటవీ శాఖల క్షేత్ర సిబ్బంది కలిసి నిర్ణయం తీసుకోవడం సముచితం.

జోరీగతో ఏమి చేయాలి

జోరీగ పగటి ఈగ. ఎండ, ఉక్కపోత దానికి అనుకూలం. వానాకాలంలో మందను తెల్లవారుజామున మేతకు తోలి, ఎండ ముదిరే వేళకు గాలి ఆడే మెరక మీదికో, చిక్కని నీడకో చేర్చి, సాయంత్రం తిరిగి మేపడం వలన దాని దాడి చాలావరకు తప్పుతుంది. వాగు వెంట, కాలువ గట్టు వెంట మధ్యాహ్నం మేపడం కోరి తెచ్చుకొన్న కష్టం.

వేపాకు, వావిలాకు పొగ మేలు చేస్తుంది. కాకపోతే పొగ ఉన్నంతసేపే దాని ఫలితం. మూసిన కొట్టంలో దట్టంగా వేస్తే దూడల ఊపిరితిత్తులకు చేటు. గడ్డివామి దగ్గర వేస్తే నిప్పు భయం. పొగను గాలివాటున, కొట్టం వెలుపల పెట్టాలి. వేపనూనె పూత కొన్ని గంటలు ఈగలను దూరంగా ఉంచుతుంది. సీతాఫలం గింజల పొడికి పురుగులను చంపే గుణం ఉన్నా కంట పడితే కన్ను దెబ్బతింటుంది. ఈగలు ముసిరేది కంటి వద్దే కనుక దాని జోలికి పోకపోవడం మేలు.

బోనులు మన ప్రాంతంలో అంతగా వాడుకలోకి రాలేదు. కెన్యాలో రూపొందిన ‘న్జీ’ అనే బోను నీలం, నలుపు గుడ్డలు, దోమతెరతో కుట్టినది. న్జీ అనగా స్వాహిలీ భాషలో ఈగ. ముదురు రంగు ఆకారాన్ని పశువని భ్రమించి వచ్చిన జోరీగ, వెలుతురు వైపు ఎగిరి తెరలో చిక్కుకొంటుంది. గ్రామంలోని దర్జీ కుట్టగలిగిన వస్తువే ఇది. కొట్టపు ఈగకు జిగురు పూసిన తెల్లటి పలకలు పనిచేస్తాయి. మందలు ఎక్కువగా ఉన్న ఒకటి రెండు గ్రామాలలో వీటిని ప్రయోగాత్మకంగా నిలిపి చూడడం పశువైద్య కళాశాలల విద్యార్థులకు కూడా మంచి క్షేత్ర పరిశీలన అవుతుంది.

అధికారుల దృష్టికి

పశువుల చెవులకు 12 అంకెల గుర్తింపు పోగులు వేసే పని వానాకాలంలో జరిపినపుడు రంధ్రం చుట్టూ ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడే అవకాశం ఉన్నది. వైద్యుడు సూచించిన ఈగల నిరోధక లేపనం అక్కడికక్కడే పూయడం, వారం తరువాత ఒకసారి చూడడం అవసరం. పోగు వేసిన చెవి పుండుపడితే ఆ రైతు మరుసటి టీకా శిబిరానికి పశువును తోలుకొని రాడు. కొమ్ము విరిగిన పశువులు, కొత్తగా ఈనిన ఆవులు, బొడ్డు ఆరని దూడల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పెబ్బేరు వంటి సంతలలో వివిధ ప్రాంతాల పశువులు గంటల తరబడి పక్కపక్కన నిలుస్తాయి. ఈగకు ఇంతకంటే అనువైన చోటు లేదు. సంత ముగిసిన మరునాడే పేడ, చెత్త ఎత్తివేయించడం నిర్వాహకుల బాధ్యతగా వేలం షరతులలో చేర్చవచ్చు. గ్రామ పంచాయతీలు ఇంటి ముంగిట ఈగలు, దోమల నివారణకు చేపట్టే పారిశుద్ధ్య పనులు సాధారణంగా ఊరి వెలుపలి దొడ్ల వరకు పోవు. కొట్టపు ఈగ కొన్ని కిలోమీటర్లు ఎగరగలదు గనుక ఒక రైతు ఒక్కడే శుభ్రం చేసుకొంటే పక్క దొడ్డి ఈగలు అతని పశువులకు దక్కుతాయి. గ్రామమంతా ఒకే వారంలో పెంటకుప్పలు సవరించుకొన్నపుడే తేడా తెలుస్తుంది.

జ్వరం, చర్మంపై ముద్దలు, తిరుగుడు, హఠాత్తుగా పాలు తగ్గడం వంటి లక్షణాలు కనిపించినపుడు పశుపోషకులు సమీప పశువైద్యశాలను గాని, సంచార పశువైద్య సేవల నెంబరు 1962ను గాని సంప్రదించవచ్చు. పశువు ఎన్ని రోజులుగా మేత మేయడం లేదు, మందలో ఇంకా ఎన్నింటికి అవే లక్షణాలు ఉన్నాయి, ఈగలు శరీరంలో ఏ భాగంపై వాలుతున్నాయి, ఇప్పటికే ఏ మందు వాడారు అనే వివరాలు సిద్ధంగా ఉంచుకొంటే వైద్యుడు తగిన మందులతోనే బయలుదేరి రాగలుగుతారు.